కోర్టు వార్తలో నేను చేర్చిన ఒక్క మాట

సింగపూర్‌లో ఒక ఇంగ్లీషు దినపత్రికలో ముప్ఫయ్యేళ్ళకు పైగా సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. తెలుగులో చెప్పాలంటే ఉపసంపాదకుణ్ణి. ఆ మాటలో మా మామగారికి ‘సంపాద’ ఒక్కటే వినిపించి పిల్లనిచ్చారు. ‘ఉప’ సంగతి మా ఆవిడకి కాపురానికొచ్చాక తెలిసింది. ఇతరులు రాసిన వార్తల్ని కత్తిరించడం, దిద్దడం, పైన శీర్షిక పెట్టడం మా పని. జీవితమంతా కోతలు కోసి బతికానని నేనే ఒప్పుకుంటున్నాను కనుక మీరు వేరే అనక్కర్లేదు.

పత్రికల్లోనో వెబ్‌సైట్లలోనో కొత్తగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు "అంకుల్, మీ బెస్ట్ హెడ్‌లైన్ ఏది?" అని అడుగుతుంటారు. నా శీర్షికలు నాకే గుర్తులేవు. గుర్తున్నది ఒక మాట. ఒక లైంగిక దాడి కేసు వార్తలో నేను చేర్చిన ఒకే ఒక్క మాట. అందులో అచ్చుతప్పు లేదు, అబద్ధం లేదు. అయినా నా ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు అదే.

అది తొంభైల నాటి సంగతి. ఇప్పుడు మీరు ఏ రైలెక్కినా పక్క సీటులో ఎవరో ఒకరు ఫోన్లో "తిన్నావా, ఏం కూర?" అని అడుగుతూనే ఉంటారు. అప్పట్లో అలా కాదు. తరాల కిందట వచ్చి స్థిరపడినవాళ్ళు వేరే ఉన్నారు. మాలాగా ఉద్యోగాలకి కొత్తగా వచ్చిన కుటుంబాలన్నీ కలిపితే ఒక హాలులో నాలుగు పంక్తుల భోజనం. ఆఫీసులో నేను తమిళుణ్ణి. టాక్సీలో తమిళుణ్ణి. పక్క ఫ్లాట్ మలయ్ ఆవిడ ఏటా దీపావళికి ఎంతో ప్రేమగా తమిళంలో అచ్చువేసిన కార్డు తెచ్చి ఇచ్చేది. "కాదండీ, మాది తెలుగు" అంటే "సేమ్ సేమ్ లా" అని, ఇక్కడివాళ్ళ ఊతపదం ‘లా’ తగిలించి నవ్వేది. కొన్నేళ్ళకి అలవాటు పడ్డాను. పడ్డాననుకున్నాను.

ఒక శుక్రవారం సాయంత్రం కోర్టు రిపోర్టరు పంపిన వార్త నా ముందుకొచ్చింది. ఒక ఇంట్లో పసిబిడ్డని చూసుకోవడానికి ఇండియా నుంచి వచ్చిన అమ్మాయి, ఆ ఇంటి యజమాని తన మీద లైంగిక దాడి చేశాడని కేసు పెట్టింది. అమ్మాయి ఎవరో తెలిసే ఏ వివరమూ అచ్చు వెయ్యకూడదని జడ్జి ఉత్తర్వు. యజమాని పేరు వేస్తే ఆమె ఎవరో తెలిసిపోతుంది కనుక ఆయన పేరూ వెయ్యకూడదు. ఆమె సాక్ష్యం తలుపులు మూసి వింటారు, పత్రికలవాళ్ళని కూడా రానివ్వరు. అందువల్ల రిపోర్టరు దగ్గర రాయడానికి మిగిలింది తక్కువ: దుబాసీ దొరక్క ఉదయమంతా విచారణ ఆగింది, మధ్యాహ్నం మొదలైంది, ఆమె సాక్ష్యం పూర్తికాలేదు, మంగళవారం కొనసాగుతుంది. "ఒక భారతీయ భాషకు దుబాసీ కోసం" వెతికారని రాశాడు.

ఆ ముక్క నాకు గుచ్చుకుంది. రిపోర్టరుకి ఫోన్ చేశాను.

"ఏ భాష?"

"ఇండియన్ లాంగ్వేజ్ లా. తమిళే అయ్యుంటుంది."

"తమిళ దుబాసీలు కోర్టులో రోజూ ఉంటారుగా. మరి పొద్దుటంతా ఎందుకు ఆగారు?"

"గుడ్ క్వశ్చన్" అని పెట్టేసి, పది నిమిషాల్లో మళ్ళీ చేశాడు. "తెలుగంట. ఏయ్, అది నువ్వే కదా?"

నేనే. ‘ఒక భారతీయ భాష’ కొట్టేసి ‘తెలుగు’ అని రాశాను. రాశాక కుర్చీలో కాస్త వెనక్కి వాలినట్టు కూడా గుర్తు. మా పత్రికలో ఆ మాట పడగా అంతకుముందు నేనెన్నడూ చూడలేదు.

కోర్టు వార్తలన్నీ మా పత్రిక వకీలు చదివి పంపేవాడు. జాగ్రత్తగల మనిషి. అమ్మాయి వయసు కొట్టేశాడు. పేట పేరు కొట్టేశాడు. యజమాని చేసే ఉద్యోగం కొట్టేశాడు. ‘తెలుగు’ని ముట్టుకోలేదు. ఆయన దృష్టిలో అది కోట్లమంది మాట్లాడే భాష, అంతమందిలో ఒక మనిషిని ఎవరు పోల్చగలరు? ఈ ఊళ్ళో ఆ కోట్లమంది నాలుగు పంక్తుల్లో పడతారని తెలిసినవాడు ఆ గదిలో ఒక్కడే ఉన్నాడు. వాడు పేజీ చూసుకుని మురిసిపోతున్నాడు.

ఆదివారం లిటిల్ ఇండియాలో ఒక హాలు తీసుకుని మావాళ్ళు భోజనాలు పెట్టుకున్నారు. నేను లోపలికి అడుగు పెట్టగానే పులిహోర గిన్నె దగ్గరున్న ఆవిడ గరిటె ఎత్తి పలకరించింది.

"రండి రండి, పేపరాయన గారూ! మొత్తానికి మన భాషని ఎక్కించేశారు!"

"ఏదో, చిన్న మార్పండీ."

"చిన్నదేంటి? కట్ చేసి ఫ్రిజ్ మీద అంటించా."

బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసే ఒకాయన, మేమంతా పెద్దాయన అనేవాళ్ళం, నా భుజం తట్టాడు. ఏ వార్తలో వచ్చిందన్నది ఎవరికీ పట్టలేదు. నాకూ పట్టలేదని ఒప్పుకోవాలి. ఆ సంబరం నాలుగైదు ముద్దల వరకూ నిలిచింది. అప్పుడు సైన్స్ పార్కులో ప్రోగ్రామరుగా చేసే ఒకతను విస్తట్లోంచి తలెత్తి అన్నాడు: "ఇంతకీ ఎవరండీ ఆ అమ్మాయి?"

"మనకెందుకండీ" అన్నాను.

"ఊరికే. పిల్లని చూసుకోడానికి మనిషిని తెప్పించుకున్నవాళ్ళు మనలో ఎంతమంది? మూడిళ్ళు."

"మా ఇంట్లో ఉన్నది మా పిన్ని. ఆవిడకి అరవై దాటాయి, నన్ను చూడకండి" అంది పులిహోర ఆవిడ.

"డాక్టరుగారింట్లో ఉన్నది తమిళావిడ."

"మరి మూడో ఇల్లు…"

అందరి కళ్ళూ వేదిక మీదికి వెళ్ళాయి. మా సభలన్నిటికీ మైకు పట్టుకుని నవ్వించే మనిషి ఒకాయన ఉండేవాడు. రెండు నెలలుగా ఆ మైకు వేరేవాళ్ళ చేతిలో ఉంది. "ఆరోగ్యం బాలేదట" అని ఎవరో అంటే అందరం సరే అనుకున్నాం. వకీలు అంత జాగ్రత్తగా కొట్టేసిన పేటా, పేరూ, ఉద్యోగమూ మావాళ్ళు పులిహోరకీ పెరుగన్నానికీ మధ్య కూడబలుక్కుని చదివేశారు.

ఆ ఇంట్లో నేను రెండుసార్లు కాఫీ తాగాను. కాఫీ తెచ్చిన అమ్మాయి మొహం గుర్తు తెచ్చుకోబోతే కప్పు గుర్తొచ్చింది గాని మొహం రాలేదు.

"ఆయనా? ఛ. అలాంటివాడు కాదు" అన్నాడు పెద్దాయన.

"ఆ పిల్లకి ఎవరో నూరిపోసుంటారు" అని ఇంకెవరో.

"కుటుంబం వీధిన పడుతుందండీ. ఊరుకుంటే ఎలా?" ఈ మాటన్నది నా స్నేహితుడు. నేను ఈ దేశంలో దిగిన రోజున విమానాశ్రయానికి వచ్చి నా పెట్టె అందుకున్నవాడు. మూడు నెలలు వాడి సోఫా మీద పడుకున్నాను. "మంగళవారం కొనసాగుతుందని పేపర్లో ఉంది కదా. మనం ఓ ఆరుగురం వెళ్ళి కూర్చుందాం."

"లోపలికి రానివ్వరు" అన్నాను నేను.

"లోపలికెందుకు? వరండాలో బెంచీ ఉంటుందిగా. ఎవర్నీ ఏమీ అనొద్దు. పిల్ల మన మొహాలు చూస్తే చాలు, తనే ఆలోచించుకుంటుంది."

అందరూ తలలూపారు. ఎవరూ గొంతు పెంచలేదు. చెడ్డ పని చేస్తున్నామని ఒక్కరి మొహంలోనూ లేదు, ఎవరికో సాయం చేస్తున్న నిదానమే ఉంది. వాళ్ళు మంచివాళ్ళని ఇప్పటికీ అంటాను. అదే నాకు మింగుడుపడదు. అప్పుడే లేచి ఏదైనా అని ఉండాల్సింది. నేను పెరుగన్నంలో ఊరగాయ కలుపుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళేసరికి ఆఫీసు కింద కాఫీ కొట్టులో ఒక పెద్దావిడ, మా పత్రికలో తెలుగువాడెవరని వాకబు చేసి, నాకోసం కూర్చుని ఉంది. ఆ కేసులో కోర్టుకి దొరికిన దుబాసీ ఆవిడే. రిటైరైన పంతులమ్మ. వాళ్ళ తాతగారు మలయా రబ్బరు తోటలకి వచ్చారట. ఆవిడ తెలుగులో తమిళమూ మలయ్యూ పోట్లాడుకోకుండా కాపురం చేసేవి.

"తంబీ, మకాన్ అయిందా?" అంది. భోజనం అయిందా అని.

"అయిందాంటీ."

"నాకు కాలేదు. శనివారం నుంచి దిగడం లేదు. ఆ మాట ఎవరు వేసినారు?"

"అది రిపోర్టరు…" అని మొదలుపెట్టాను. పంతులమ్మల ముందు అబద్ధం మొదలుపెట్టగలం గాని పూర్తిచెయ్యలేం. "నేనే" అన్నాను.

"ఎందుకు?"

"కరెక్టే కదాంటీ."

"కరెక్టే. ఎవరు కాదన్నారు?" ఆవిడ కప్పు పక్కకి జరిపింది. "కేసులో సంగతి నేను చెప్పకూడదు. ప్రమాణం చేసినాను. ఒక్కటి చెప్పి ఆ పాపం నేనే మోస్తాను. ఆ పిల్లని ఆడవాళ్ళ హోమ్‌లో ఉంచినారు. పేపర్లో తెలుగని పడిన సంగతి ఎట్లో ఆమె చెవిన పడింది. నిన్న సాయంత్రం అక్కడివాళ్ళు ఫోన్ చేసి, ఏమంటోందో మాకు అర్థం కావడం లేదు, కొంచెం చెప్పండి అన్నారు. ‘మనోళ్ళకి తెలిసిపోయిందా? తెలిస్తే నేను రాను.’ ఇదే మాట. నాలుగుసార్లు ఇదే మాట."

"రాకపోతే?"

"సగం చెప్పిన సాక్ష్యం ఎవరికి కావాలి? అవతలి వకీలు ఇంకా ప్రశ్నలే అడగలేదు. రాకపోతే కేసు పడిపోతుంది తంబీ. ఆయన హాయిగా నడిచి ఇంటికి పోతాడు."

అప్పుడు నేను ఆదివారం భోజనాల సంగతీ, బెంచీ సంగతీ చెప్పాను.

"ఆ బెంచీ ముందు నుంచి తప్ప లోపలికి దారి లేదు" అంది ఆవిడ. "నేను మాటల్ని ఇటునుంచి అటు మార్చగలను. బెంచీని మార్చలేను."

నేను పైకి వెళ్ళి నేరుగా మా చీఫ్ సబ్ ముందు నిలబడ్డాను. చైనీస్ ఆవిడ. నాకంటే చిన్నది, నాకంటే తెలివైంది. ఈ రెండిట్లో మొదటిదానికే నేను నొచ్చుకునేవాణ్ణి. జరిగింది చెప్పి, ఒక సవరణ వేద్దామన్నాను: శనివారం వార్తలో తెలుగు అని పడింది, హిందీ అని చదువుకోగలరు.

ఆవిడ కళ్ళద్దాలు తీసింది. "అది హిందీయా?"

"కాదు."

"అంటే ఒప్పుని తప్పుగా దిద్దమంటావు. నువ్వు రోజూ చేసేది అదేనని నాకు అనుమానం ఉంది గాని, పర్మిషన్ అడగడం ఇదే మొదటిసారి లా." నేను నవ్వలేదని చూసి గొంతు తగ్గించింది. "సవరణ వేస్తే ఏమవుతుందో తెలుసుగా? శనివారం చూడనివాళ్ళు కూడా వెతుక్కుని చదువుతారు."

నా ముందే వకీలుకి ఫోన్ చేసింది. మేం చేసిన పని ప్రాసిక్యూషన్‌కి మేమే చెప్పుకోవాలన్నాడు ఆయన. బెంచీ సంగతి అడిగితే, వరండా అందరిదీ అన్నాడు. నోరు తెరిచి బెదిరిస్తే పోలీసులు వస్తారు. ఊరికే కూర్చుంటే, బెంచీ వేసిందే కూర్చోవడానికి.

ఆవిడ ఫోన్ పెట్టేసి నావైపు చూసింది. "రేపు నీకు సెలవు. ఏం చేస్తావని నేనడగను. నువ్వు చెప్పకు."

నాకూ తెలియదు, చెప్పడానికి. మంగళవారం తొమ్మిది కొట్టేసరికి కోర్టులో ఉన్నాను. ఆరుగురూ అప్పటికే వచ్చేశారు. ఇస్త్రీ చొక్కాలు, నూనె రాసి దువ్విన తలలు. పెళ్ళిచూపులకి వచ్చినట్టున్నారు. బెంచీ చివర ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి నాకు చోటు ఆపారు, హాకర్ సెంటర్ తిండికొట్లలో బల్ల ఆపినట్టు.

"నీకోసమే చోప్ చేశాం, రారా" అన్నాడు నా స్నేహితుడు.

నేను కూర్చోలేదు. ఏం చెయ్యబోతున్నానో ఆ క్షణం దాకా నాకు తెలియదు. జేబులో చిన్న నోటుబుక్కు ఉంది. నేను రిపోర్టర్ని కాను, జన్మలో ఎవరినీ ఇంటర్వ్యూ చెయ్యలేదు. మనుషుల్ని ప్రశ్నలు అడగడమంటే భయమనే కత్తిరింపుల పనిలో దాక్కున్నాను. పుస్తకం తెరిచి బెంచీ మొదట్లో ఉన్న పెద్దాయన ముందు నిలబడ్డాను.

"మీ పూర్తి పేరు చెప్పండి సార్. స్పెల్లింగ్‌తో సహా."

"ఇదేంటయ్యా?"

"పేపరుకి. మీరు ఏ బ్యాంకు, హోదా ఏమిటి? ఈ కేసుకి మీరెందుకు వచ్చారు? మీ మాటల్లోనే చెప్పండి, నేను మార్చను."

"నేను ఊరికే వచ్చాను."

"‘ఊరికే వచ్చాను’ అన్నారు" అని చదువుతూ రాసుకున్నాను. "నిందితుడు మీకేమవుతారు?"

ఆయన వాచీ చూసుకున్నాడు. పది గంటలకి ఏదో ఉందన్నాడు. లేచి, లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్ల మీదుగా దిగిపోయాడు. ప్రోగ్రామరు నా పెన్ను తనవైపు తిరగకముందే "సైన్స్ పార్కులో మీటింగుంది, మర్చేపోయా" అని లేచాడు. తర్వాతివాళ్ళు ఇద్దరూ కలిసే వెళ్ళారు. అయిదో ఆయన ఇంటిపేరులో మొదటి రెండక్షరాలు చెప్పి, నీళ్ళు తాగి వస్తానని వెళ్ళి రాలేదు.

ఆ పేర్లు మా పత్రికలో ఎక్కడా వెయ్యకూడదు. వేస్తే వాటిని పట్టుకుని ఆ అమ్మాయి దాకా వెళ్ళిపోవచ్చు, ఉత్తర్వు మళ్ళీ మంట కలుస్తుంది. అది నాకు తెలుసు. వాళ్ళకి తెలియదు. అచ్చులో తన పేరు పడుతుందంటే మనిషి ఎంత త్వరగా లేస్తాడో నేను దగ్గర నుంచి చూడటం అదే మొదలు. అలా లేవడానికి వీల్లేని మనిషి గురించి నాలుగు రోజుల కిందట నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

నా స్నేహితుడు మిగిలాడు.

"నన్నూ అడుగుతావా?" అన్నాడు.

"పేరు చెప్పు."

"నా పేరు నీకు తెలీదూ?"

"తెలుసు. నువ్వు చెప్పాలి."

"మూడు నెలలు నా ఇంట్లో తిన్నావురా."

"అదీ రాసుకోమంటే రాసుకుంటాను. పేరు చెప్పు."

నోటుబుక్కుని పొట్టకి ఆనించుకున్నాను. వాడు లేచి చొక్కా సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఈ చిన్న ఊళ్ళో ఎన్నోసార్లు ఎదురుపడ్డాం. వాడు నాతో మాట్లాడలేదు. నేనూ సంజాయిషీ చెప్పలేదు.

తొమ్మిదింబావుకి లిఫ్ట్ తెరుచుకుంది. పంతులమ్మ ముందు, వెనక హోమ్ ఆవిడ చెయ్యి పట్టుకుని ఒక అమ్మాయి. తల వంచుకుని గచ్చు మీది పలకలు చూస్తూ నడుస్తోంది. బెంచీ దగ్గరికొచ్చాక ఒక్కసారి తలెత్తింది. బెంచీ మీద టిష్యూ ప్యాకెట్ తప్ప ఎవరూ లేరు. నేను అప్పటికి కిటికీవైపు తిరిగి నిలబడ్డాను. తలుపు మూసుకున్న చప్పుడు విన్నాను.

ముఖ్యమైంది ముందు చెప్పడం వార్తకి పద్ధతి కనుక, తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను. ఆమె ఆ రోజు సాక్ష్యం పూర్తిచేసింది. కొన్ని వారాలకి తీర్పొచ్చింది, ఆయనకి జైలు శిక్ష పడింది. ప్రాసిక్యూషన్ నుంచి మా పత్రికకి గట్టి ఉత్తరం వచ్చింది. నన్ను కోర్టు పేజీల నుంచి తీసేసి రాశిఫలాలు, వాతావరణం పేజీకి మార్చారు. అక్కడ ఏ మాట చేర్చినా ఎవరికీ హాని లేదు, ఎవరికీ నమ్మకమూ లేదు. హాలులో భోజనాలకి మమ్మల్ని పిలవడం తగ్గిపోయింది. పులిహోర ఆవిడ మాత్రం ఒక రోజు ఫోన్ చేసి, ఫ్రిజ్ మీది కాగితం చింపేశానని చెప్పి పెట్టేసింది.

ఇంకొకటి మిగిలింది. ఆ మంగళవారం మూడున్నరకి వాళ్ళు బయటికొచ్చారు. నేను అక్కడే ఉన్నాను, ఇంటికి వెళ్ళే ధైర్యం లేక. అమ్మాయి నన్ను చూసి పంతులమ్మని ఏదో అడిగింది. ఆవిడ కాస్త తటపటాయించి, "పేపరాయన" అంది. అమ్మాయి ఆగింది.

"ఆ మాట ఏసింది మీరేనా?"

"నేనేనమ్మా. నాది తప్పు."

"నా పేరు ఎయ్యలేదు గదా?"

"లేదు. వెయ్యం. ఎప్పటికీ వెయ్యకూడదు."

"ఆయన పేరు?"

"అదీ వెయ్యకూడదమ్మా. ఆయన పేరు వేస్తే నువ్వెవరో అందరికీ తెలిసిపోతుందని."

ఆమె కాసేపు నా మొహం చూసింది. కోపంగా కాదు. తను విన్నది సరిగ్గా విన్నదో లేదో తేల్చుకుంటున్నట్టు చూసింది.

"నేనెవరో అందరికీ తెలిసే పోయె గదండీ. ఇంకిప్పుడు ఆయన పేరు ఎయ్యొచ్చు గదా?"

పంతులమ్మ అలవాటు కొద్దీ నావైపు తిరిగింది, నా జవాబు అందుకుని ఆమెకి చేరవెయ్యడానికి. మా ఇద్దరికీ మధ్య ఆవిడతో పని లేదు. మాట్లాడుకుంటున్నది ఒకే భాష. నేను నోరు తెరిచాను. ఉత్తర్వు ఏమంటుందో, ఎందుకంటుందో, అన్నీ తెలుసు. అవన్నీ నిజాలే. ఒక్కటీ బయటికి రాలేదు.

"లిఫ్ట్ వచ్చింది, రా పాపా" అంది పంతులమ్మ. లిఫ్ట్ తలుపులు మూసుకునేదాకా ఆ అమ్మాయి నావైపే చూస్తూ నిలబడింది, ఇప్పుడైనా చెబుతాడేమోనని.